ఇంట్లోని డిస్కులను బట్టి డీవీడీ ప్లేయర్ ఎంపిక

డీవీడీ ప్లేయర్ కొనాలా, కొంటే ఏది కొనాలి అని ఇవాళ అడిగేవారిలో ఎక్కువమందికి కొత్త సినిమాల అవసరం లేదు. 2000 తర్వాత దాదాపు పదిహేనేళ్లపాటు మన ఊళ్లలో వీడియోగ్రాఫర్లు పెళ్లి, ఓణీల వేడుక, ఉపనయనం, షష్టిపూర్తి వీడియోలను ఎక్కువగా డిస్కుల మీదే ఇచ్చారు. వాటికి ఇంటర్నెట్‌లో నకలు ఉండదు, తీసినవారి దగ్గర మూలప్రతి మిగిలి ఉండడమూ అరుదే. వాటికి తోడు, 2007లో మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక ఇంటింటా పోగుపడిన సినిమా డిస్కులు, గుడి దగ్గరి దుకాణాల్లో కొన్న భక్తిగీతాల ఎంపీ3 సీడీలు, పిల్లల కోసం తెచ్చిన పద్యాల సీడీలు బీరువాలో ఉంటాయి. పాత ప్లేయర్ పాడైన రోజున ఇవన్నీ ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోతాయి.

అందువల్ల ప్లేయర్ ఎంపిక దుకాణంలో కాక ఇంట్లో, ఉన్న డిస్కులను ముందేసుకుని మొదలుపెట్టడం మంచిది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన విశేషాల్లో చాలావాటికి మన డిస్కులతో సంబంధం ఉండదు. సంబంధం ఉన్న ఒకటి రెండు విషయాలు మాత్రం ఆ పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది డిస్కుల రకం. కంపెనీ అచ్చువేసిన సినిమా డిస్కు అడుగుభాగం వెండిలా మెరుస్తుంది. వీడియోగ్రాఫర్ రాసి ఇచ్చిన డీవీడీ అడుగున ఊదా ఛాయ, రాసిన సీడీ అడుగున ఆకుపచ్చ లేదా నీలి ఛాయ కనిపిస్తుంది. రాసిన డిస్కుల్లో సమాచారం ఒక రంగు పూత మీద నిలుస్తుంది. ఎండ, వేడి, తేమ తగిలేకొద్దీ ఆ పూత దెబ్బతింటుంది కాబట్టి వీటిని చదవడం ప్లేయర్‌కు కష్టమవుతుంది. మీ డిస్కుల్లో సగానికి పైగా ఈ రకమైతే, రాసే డిస్కుల్లోని రెండు రకాలైన డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ రెండింటినీ ఆడిస్తానని స్పష్టంగా చెప్పే ప్లేయర్‌నే తీసుకోవాలి.

వీసీడీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వీసీడీ అంటే సీడీ మీద నింపిన వీడియో. సీడీని చదవడానికి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650, బ్లూరేకి 405 నానోమీటర్ల లేజర్ కావాలి. పైస్థాయి పరికరం కింది డిస్కులన్నిటినీ తప్పకుండా ఆడిస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది సరైనది కాదు. ఖరీదైన బ్లూరే ప్లేయర్లలో కొన్ని వీసీడీని గుర్తించవు, కొన్ని గేమ్ కన్సోళ్లు సీడీనే గుర్తించవు. మన దేశంలో అమ్మే మామూలు డీవీడీ ప్లేయర్ మాత్రం వీసీడీని, ఎంపీ3 సీడీని సాధారణంగా ఏ ఇబ్బందీ లేకుండా ఆడిస్తుంది.

రెండవది టీవీ వెనక ఉన్న రంధ్రాలు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న ఏవీ వైరు పాత టీవీల్లో చాలావాటికి సరిపోతుంది. కొత్త టీవీల్లో ఈ మూడు రంధ్రాల బదులు సన్నని ఒకే రంధ్రం ఉంచి, దానికి తగిన చిన్న మార్పిడి వైరు విడిగా ఇస్తున్నారు. కొన్నిటిలో అదీ ఉండదు, చిత్రాన్ని, శబ్దాన్ని ఒకే వైరులో అందుకునే హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటే ఉంటుంది. ఏవీ మాత్రమే ఉన్న చవక ప్లేయర్ కొని ఇంటికి తెచ్చాక తగిలించే చోటు లేదని తెలిస్తే, సిగ్నల్ మార్చే పెట్టె ఒకటి విడిగా కొనవలసి వస్తుంది. ఆ ఖర్చు కలిపితే హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ ధరకు దగ్గరవుతుంది.

మూడవది ప్రాంత సంకేతం, వీడియో పద్ధతి. సినిమా డీవీడీలను ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడేలా అమ్మారు. భారతదేశానిది 5వ ప్రాంతం, అమెరికా, కెనడాలది 1, ఐరోపా, గల్ఫ్, జపాన్‌లది 2, ఆస్ట్రేలియాది 4. పిల్లలు విదేశాల నుంచి తెచ్చిన హాలీవుడ్ డిస్కులు ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవడానికి ఇదే కారణం. విదేశీ మార్కెట్ కోసం వేసిన తెలుగు సినిమా డీవీడీలకు చాలావరకు ఈ పరిమితి ఉండదు. ఇంటి వేడుకల డిస్కులకు అసలే ఉండదు. అయితే వాటికి మరో చిక్కు ఉంది, దాని గురించి కింద ప్రవాసులకు చెప్పే చోట వివరిస్తాను.

చిత్ర నాణ్యతను కావాలనే చివరన పెట్టాను. మన టీవీ పద్ధతిలో డీవీడీ చిత్రం 720×576 చుక్కలు, అంటే సుమారు 4.15 లక్షలు. ఫుల్ హెచ్‌డీ టీవీలో దాదాపు 20.7 లక్షలు, 4కే టీవీలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి. డిస్కులో లేని చుక్కలను ప్లేయర్ లెక్కగట్టి నింపడాన్నే అప్‌స్కేలింగ్ అంటారు. ప్లేయర్ చేయకపోతే ఆ పని టీవీయే చేసుకుంటుంది, కొత్త టీవీలు దాన్ని బాగానే చేస్తాయి కూడా. అందువల్ల అప్‌స్కేలింగ్ అన్న మాట కోసం అదనంగా డబ్బు పెట్టవద్దని నా సలహా. హెచ్‌డీఎంఐ కోసం పెట్టడం మాత్రం సమంజసమే. పసుపు పిన్నులో రంగు, వెలుతురు ఒకే తీగలో కలిసి ప్రయాణించడం వల్ల పట్టుచీర అంచుల మీద, సన్నని అక్షరాల మీద కనిపించే రంగుల ముసురు హెచ్‌డీఎంఐలో ఉండదు. వీసీడీ విషయంలో ఏ పరికరం కొన్నా పెద్ద తేడా రాదు, అందులోని చిత్రమే 352×288 చుక్కలది.

ఉన్న మార్గాలు

మామూలు డీవీడీ ప్లేయర్ ఇప్పటికీ సుమారు రెండు నుంచి నాలుగు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. కొత్త మోడళ్ల సంఖ్య తగ్గిపోయింది కాబట్టి పెద్ద షోరూముల్లో కనిపించకపోవచ్చు. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ వంటి చోట్ల విచారిస్తే ఎంపికకు అవకాశం ఉంటుంది. వీసీడీ, ఎంపీ3 సీడీ, రాసిన డిస్కు అన్నీ ఆడించడం, రిమోట్ వాడకం పెద్దవాళ్లకు అలవాటైనదే కావడం దీని బలాలు. ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే సౌకర్యం ఉందో లేదో అడగండి, మధ్యాహ్నం కొంత, రాత్రి కొంత చూసే పెద్దవాళ్లకు అది చాలా అవసరం.

ఈ ప్లేయర్లకున్న యూఎస్‌బీ రంధ్రం విషయంలో ఎక్కువమంది నిరాశపడుతుంటారు. పెన్‌డ్రైవ్ పెడితే ఏ సినిమా అయినా ఆడుతుందని అమ్మేవారు చెబుతారు. వాస్తవానికి ఈ పరికరాల్లో చాలావాటికి డివెక్స్, ఎక్స్‌విడ్ అనే పాత రకం ఫైళ్లే అర్థమవుతాయి. ఇప్పటి ఫోన్లు తీసే వీడియోలు, మనకు వాట్సాప్‌లో వచ్చే వీడియోలు వేరే పద్ధతిలో కుదించినవి కావడం వల్ల శబ్దం మాత్రమే రావడమో, ఏమీ రాకపోవడమో జరుగుతుంది. పైగా పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం (ఫార్మాట్) చేయవలసి వస్తే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. పెన్‌డ్రైవ్ వీడియోలే మీ ముఖ్య అవసరమైతే టీవీకి ఉన్న యూఎస్‌బీ రంధ్రాన్ని వాడుకోండి. ప్లేయర్‌లోని రంధ్రం పాటలకు మాత్రం చక్కగా ఉపయోగపడుతుంది.

బ్లూరే ప్లేయర్ మీద నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. తెలుగు సినిమాలే చూసేవారికి దానితో ఒరిగేది స్వల్పం, ఎందుకంటే బ్లూరే మీద వచ్చిన తెలుగు చిత్రాలు చాలా తక్కువ. ధర మాత్రం సాధారణంగా పది వేలు దాటుతుంది. ఇంగ్లీషు, జపనీస్ సినిమాలను ఇష్టంగా సేకరించేవారికి, 25 లేదా 50 జీబీ డిస్కులోని చిత్రాన్ని, శబ్దాన్ని పెద్ద తెరమీద చూడాలనుకునేవారికి ఇంతకు మించిన మార్గం లేదు. వారు సైతం తొందరపడడం మంచిది. ఒప్పో 2018లో, అమెరికా మార్కెట్ వరకు శాంసంగ్ 2019లో, ఎల్‌జీ 2024లో ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. బ్లూరే ప్రాంతాల విభజన కూడా వేరు: అక్కడ భారతదేశం సీ ప్రాంతం, అమెరికా, జపాన్‌లు ఏ ప్రాంతం. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు ప్రాంత పరిమితి లేదు.

ఇంట్లో ప్లేస్టేషన్ గాని ఎక్స్‌బాక్స్ గాని ఉంటే, కొత్తది కొనేముందు దాన్ని పరీక్షించి చూడండి. డిస్కు పట్టే పీఎస్4, పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ డీవీడీలను, బ్లూరేలను ఆడిస్తాయి. పీఎస్4, పీఎస్5లలో ఆడియో సీడీ, వీసీడీ ఆడవు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. ఉన్నది వాడుకోవడం మంచిదే కాని, డీవీడీ కోసమని కన్సోల్ కొనడం తగదు.

ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో తగిలించే బయటి డీవీడీ డ్రైవ్ సుమారు ఒకటిన్నర నుంచి మూడు వేల రూపాయల్లో వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి కంప్యూటర్ మార్కెట్లలో తేలిగ్గా దొరుకుతుంది. విండోస్ 10, 11లలో డీవీడీ సినిమా ఆడించే సాఫ్ట్‌వేర్ అంతర్గతంగా రాదు, ఉచితంగా లభించే వీఎల్‌సీ వేసుకుంటే సరిపోతుంది. వీసీడీలనూ అదే ఆడిస్తుంది. సినిమా డిస్కుల కోసం ఈ డ్రైవ్‌ల ప్రాంత సంకేతాన్ని అయిదుసార్లు మాత్రమే మార్చగలరు, ఆ తర్వాత చివరిగా పెట్టినదే శాశ్వతమవుతుంది.

మిగిలిన మార్గాలన్నిటికంటే ఈ డ్రైవ్‌కు ఉన్న గొప్ప ప్రయోజనం, ఇంటి వీడియోను డిస్కు నుంచి బయటకు తీయగలగడం. ప్లేయర్ డిస్కును చూపిస్తుందే కాని కాపాడదు. పెళ్లి డీవీడీని తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డరులో ఒక్కొక్కటి 1 జీబీకి మించని వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. ఆ ఫోల్డరును మొత్తంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో అలాగే ఆడుతుంది. వీసీడీలోనైతే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులోని డాట్ (.DAT) ఫైలును తీసుకోవాలి. సొంత వేడుకల డిస్కులకు తాళం ఉండదు కాబట్టి ఇందులో ఏ అభ్యంతరమూ లేదు. సినిమా డీవీడీల్లో చాలావాటికి రక్షణ తాళం ఉంటుంది. దాన్ని ఛేదించి నకళ్లు తీసేవారు కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని ఛేదించడం శిక్షార్హమని చెప్పే 65ఏ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి.

డీవీడీతో కూడిన హోమ్ థియేటర్లు ఒకప్పుడు మన ఇళ్లలో ఎంతో వాడుకలో ఉండేవి. అయిదు స్పీకర్లు, ఒక ఊఫర్, పాడుకోవడానికి మైకు రంధ్రం ఉన్న ఆ పెట్టెల్లో డిస్కు భాగమే ముందుగా పాడవుతుంటుంది. అది పోయిందని స్పీకర్లను కూడా పారేయవద్దు. పెట్టె వెనక బయటి పరికరం శబ్దాన్ని తీసుకునే ఆక్స్ లేదా ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే వేరే మామూలు ప్లేయర్‌ను తగిలించి స్పీకర్లను యథావిధిగా వాడుకోవచ్చు. కొత్తగా కొనేవారు ప్లేయర్‌ను, స్పీకర్లను విడివిడిగా తీసుకోవడమే క్షేమం.

తెర, బ్యాటరీ కలిసి ఉన్న చేతి ప్లేయర్లు ఎక్కువగా 7 నుంచి 12 అంగుళాల వరకు వస్తాయి. కారు ప్రయాణాలకు, మంచం పట్టిన పెద్దల పక్కన పెట్టడానికి అనువైనవి. బ్యాటరీ కాలక్రమంలో నీరసిస్తుంది, కాబట్టి కరెంటుతో నేరుగా నడుస్తుందో లేదో చూసి కొనాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | వీసీడీ, ఎంపీ3 సీడీ | రాసిన డీవీడీ | కాపీ తీయడం | ఎవరికి తగినది |
|---|---|---|---|---|
| ఏవీ మాత్రమే ఉన్న ప్లేయర్ | ఆడుతుంది | ఆడుతుంది | కుదరదు | పాత టీవీ ఉన్నవారికి |
| హెచ్‌డీఎంఐ ఉన్న ప్లేయర్ | ఆడుతుంది | ఆడుతుంది | కుదరదు | కొత్త టీవీ ఉన్న ఎక్కువ ఇళ్లకు |
| బ్లూరే ప్లేయర్ | మోడల్‌ను బట్టి | చాలావరకు ఆడుతుంది | కుదరదు | విదేశీ సినిమాల సేకర్తలకు |
| పీఎస్4, పీఎస్5 | ఆడదు | చాలావరకు ఆడుతుంది | కుదరదు | ఇప్పటికే ఉన్నవారికి |
| బయటి డ్రైవ్ | ఆడుతుంది | ఆడుతుంది | కుదురుతుంది | ఇంటి వీడియోలు భద్రపరచాలనుకునేవారికి |
| చేతి ప్లేయర్ | ఎక్కువగా ఆడుతుంది | ఎక్కువగా ఆడుతుంది | కుదరదు | ప్రయాణాలకు, ఒక్కరు చూసేందుకు |

ఎవరి పరిస్థితికి ఏది

పెళ్లి వీడియోల కోసమే ప్లేయర్ వెతుకుతున్నవారు, ఇంట్లో ఎవరి దగ్గరైనా ల్యాప్‌టాప్ ఉంటే, ముందుగా బయటి డ్రైవ్ కొనాలి. ఒకటి రెండు సెలవురోజుల్లో డిస్కులన్నిటినీ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, మరొక కాపీని తోబుట్టువుల ఇంట్లో ఉంచుకున్నాక, ప్లేయర్ అవసరం నిజంగా ఉందో లేదో తేల్చుకోవచ్చు. గీతలు పడిన డిస్కు ఒక డ్రైవ్‌లో ఆగిపోయినా మరొక డ్రైవ్‌లో చదవబడుతుంటుంది, కాబట్టి ఒక్క ప్రయత్నంతో ఆశ వదులుకోవద్దు. ప్లేయర్‌లోనూ డ్రైవ్‌లోనూ ఖాళీగా కనిపించే డిస్కులు కొన్ని ఉంటాయి. నేరుగా డిస్కు మీద చిత్రించే కెమెరాతోనో, డీవీడీ రికార్డర్‌తోనో తీసి, చివరన ఫైనలైజ్ చేయకుండా, అంటే ఇతర పరికరాలు చదవగలిగేలా డిస్కును ముగించకుండా వదిలేసినవి అలా కనిపిస్తాయి. ఆ పరికరమే ఇంకా పనిచేస్తుంటే అందులో పెట్టి ఆ పని పూర్తిచేస్తే డిస్కు తిరిగి అక్కరకు వస్తుంది.

తల్లిదండ్రుల కోసం, అత్తమామల కోసం కొంటున్నవారికి హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు ప్లేయర్‌ను మించినది లేదు. ల్యాప్‌టాప్, డ్రైవ్, వీఎల్‌సీ అంటూ వారిని ఇబ్బంది పెట్టడం కంటే ట్రేలో డిస్కు పెట్టి ఒక బటన్ నొక్కే పద్ధతే వారికి స్వేచ్ఛనిస్తుంది. తగిలించిన రోజునే ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి తెర ఆకారాన్ని సరిచేయండి. పాత వీడియోలు 4:3 నిష్పత్తిలో తీసినవి. టీవీ వాటిని వెడల్పుగా సాగదీస్తే మనుషులు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తారు, పెద్దవాళ్లు అది వీడియో లోపమే అనుకుని సర్దుకుపోతారు.

కూచిపూడి, సంగీతం నేర్పేవారికి, ప్రదర్శనల డీవీడీలు చూసి సాధన చేసే విద్యార్థులకు ఒక ప్రత్యేక విషయం చెప్పాలి. ఎ-బి రిపీట్ అనే బటన్ ఉన్న ప్లేయర్‌లో ఒక జతి మొదలు నుంచి చివర వరకు గుర్తుపెట్టి, దాన్నే ఎన్నిసార్లయినా తిప్పి చూడవచ్చు. నెమ్మదిగా నడిపించే సౌకర్యం తోడైతే అడుగు ఎక్కడ పడుతున్నదో స్పష్టంగా తెలుస్తుంది. ఈ రెండూ ఉన్నాయని రిమోట్ చూసి నిర్ధారించుకుని మరీ కొనండి.

అమెరికా, కెనడాలలో ఉన్న తెలుగువారికి ఎదురయ్యే సమస్య వేరు. ఇక్కడి వీడియోగ్రాఫర్ చేసిన పెళ్లి డీవీడీ సాధారణంగా పాల్ అనే మన టీవీ పద్ధతిలో, సెకనుకు 25 చిత్రాలతో ఉంటుంది. అక్కడి దుకాణాల్లో అమ్మే ప్లేయర్లలో చాలావరకు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి టీవీ పద్ధతినే అంగీకరిస్తాయి. డిస్కుకు ప్రాంత పరిమితి లేకపోయినా పద్ధతి కుదరక ప్లేయర్ తిరస్కరిస్తుంది, ఊళ్లో ఉన్నవారు పాడైన డిస్కు పంపారేమోనని అపోహ కలుగుతుంది. పాల్‌ను ఎన్‌టీఎస్‌సీగా మార్చగలిగే, అన్ని ప్రాంతాలకూ పనికివచ్చే ప్లేయర్‌ను అడిగి కొనాలి, లేదా కంప్యూటర్ డ్రైవ్‌లో చూడాలి. కంప్యూటర్‌కు ఈ రెండు పద్ధతుల మధ్య తేడా అడ్డురాదు. ఇటు నుంచి చూస్తే, అక్కడి నుంచి ప్లేయర్ తెచ్చేవారు వెనకవైపు చీటీ మీద 100-240 వోల్టులని ఉందో లేదో చూడాలి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టగానే కాలిపోతుంది. వోల్టేజి సరిపోయినా అది 1వ ప్రాంతపు ప్లేయర్ కాబట్టి ఇక్కడి ప్రాంత సంకేతం ఉన్న డిస్కులకు పనికిరాకపోవచ్చు. అందుకే అక్కడి నుంచి మోసుకురావడాన్ని నేను ప్రోత్సహించను.

పాత ప్లేయర్ కొనదలిస్తే

కొత్త మోడళ్లు తగ్గుతున్నందువల్ల వాడిన ప్లేయర్ల వైపు చూడవలసిన సందర్భాలు పెరుగుతున్నాయి. ఒకప్పటి మంచి కంపెనీల యంత్రాల్లో ట్రే, మోటారు దృఢంగా ఉండేవి, కాబట్టి అది తప్పుడు నిర్ణయమేమీ కాదు. పరీక్షించే తీరు మాత్రం తెలిసి ఉండాలి. అమ్మేవారు డిస్కు పెట్టి మొదటి రెండు నిమిషాలు చూపించి సరేననిపిస్తారు. డిస్కును లేజర్ మధ్య నుంచి అంచు వైపు చదువుకుంటూ పోతుంది, అందుచేత నీరసించిన లెన్స్ మొదట్లో బాగానే ఉండి చివర్లో తడబడుతుంది. నిండుగా రాసిన పెళ్లి డీవీడీని వెంట తీసుకెళ్లి, చివరి భాగానికి నేరుగా దూకి, అక్కడ కనీసం పది నిమిషాలు ఆగకుండా ఆడుతుందేమో చూడండి. 8.5 జీబీ రెండు పొరల సినిమా డిస్కు ఒకటి, వీసీడీ ఒకటి కూడా పెట్టి చూడండి. డీవీడీ బాగా ఆడి వీసీడీ ఆడకపోతే సీడీ లేజర్ పోయినట్టు అనుమానించవచ్చు.

ట్రే తెరుచుకోవడానికి చేతితో సాయం చేయవలసి వస్తే లోపలి రబ్బరు బెల్టు సాగినట్టు, అది చవకైన మరమ్మతే. ఆన్ చేయగానే వెలిగి ఆరిపోతుంటే పవర్ సప్లై బోర్డు దెబ్బతిన్నట్టు, వోల్టేజి హెచ్చుతగ్గులున్న ఊళ్లలో ఇది తరచుగా కనిపించే లోపం, బాగుచేయించుకోవచ్చు. లెన్స్ మొత్తం మార్చాలంటే మాత్రం ఆ మోడల్‌కు సరిపడేది దొరకడం కష్టం, అలాంటిది ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి. అసలు రిమోట్ లేని ప్లేయర్‌కు కూడా ధర బాగా తగ్గించి అడగాలి. ముందు భాగంలో ఉన్న నాలుగైదు బటన్లతో డిస్కు ఆడుతుందే కాని, తెర ఆకారం, హెచ్‌డీఎంఐ ఎంపిక, ఉపశీర్షికలు, మెనూలో కదలిక వంటివన్నీ చాలా మోడళ్లలో రిమోట్‌తోనే సాధ్యం. బజారులో దొరికే అన్ని కంపెనీలకూ పనికివస్తుందనే రిమోట్‌ను డబ్బు ఇచ్చేముందే ఆ ప్లేయర్ ముందు పట్టుకుని, సెటప్ బటన్ పనిచేస్తుందో లేదో నొక్కి చూసుకోండి.